జముకు దరువుకి మాట మునగకుండా: ఐప్యాడ్ కంప్రెసర్‌లో ఒక్క ఫిల్టర్ గురించి

కంప్రెసర్ అంటే పెద్ద శబ్దాలను తగ్గించే సాధనం. అందులోని త్రెషోల్డ్ (ఏ లెవెల్ దాటితే తగ్గించాలి), రేషియో (ఎంత తగ్గించాలి), అటాక్ (ఎంత త్వరగా మొదలుపెట్టాలి), రిలీజ్ (ఎంత త్వరగా వదలాలి) గురించి ఇక్కడ ఇంతకన్నా పాఠం చెప్పడం లేదు. ఐప్యాడ్‌లో ఏయూవీ3 (సంగీత యాప్‌ల లోపల తెరుచుకునే ప్లగిన్ రకం) కంప్రెసర్ దాదాపు ఏది కొన్నా ఆ నాలుగు నాబ్‌లూ ఉంటాయి, వాటి పనీ ఇంచుమించు ఒకటే. నేను వాడుతున్నదాన్ని ఇంతకాలం తీసెయ్యకుండా ఉంచుకున్నది ఒకే ఒక్క సౌకర్యం కోసం. అది దాని లోపలే ఉన్న సైడ్‌చెయిన్ ఫిల్టర్. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్లు ఫోన్‌తోనో ఐప్యాడ్‌తోనో తీసే పాటలకి ఇంతగా అక్కరకొచ్చేది ఇంకోటి లేదని గట్టిగా చెప్పగలను. ప్లగిన్ పేరు రాయడం లేదు. ఈ ఫిల్టర్ చాలా కంప్రెసర్లలో ఉంది, కింద చెప్పబోయే ఫిర్యాదు కూడా ఏ ఒక్క కంపెనీకో పరిమితమైనది కాదు.

మహేంద్రతనయకి అటు పాతపట్నం, ఇటు పర్లాకిమిడి. ఆ చుట్టుపక్కల జముకుల కథ రికార్డు చేయాలంటే గొంతు ఒక గదిలో, వాయిద్యం ఇంకో గదిలో పెట్టే వసతి ఎవరి దగ్గరా పెద్దగా ఉండదు. కథ చెప్పే మనిషి, పక్కన జముకు (తీగ బిగించిన చిన్న డోలు), వెనక వంత, ముందు ఒక స్టీరియో మైకు. అంతా ఒకే ట్రాక్‌లో పడుతుంది. తప్పెటగుళ్లయితే మరీ కష్టం. గుండె మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు, పాడేదీ వాళ్లే, ఆడేదీ వాళ్లే.

ఇలాంటి ట్రాక్ మీద మామూలుగా కంప్రెసర్ వేస్తే జముకు మోగిన ప్రతిసారీ మాట వెనక్కి పోతుంది. గొంతేదో జముకేదో కంప్రెసర్‌కి తెలియదు. లెవెల్ త్రెషోల్డ్ దాటిందా లేదా అన్నదే చూస్తుంది, దాటితే ట్రాక్ మొత్తాన్నీ కిందికి లాగుతుంది. రేషియో 3:1 పెట్టారనుకోండి. దరువు త్రెషోల్డ్ మీద 9 డీబీ లేస్తే బయటికి 3 డీబీయే వస్తుంది, అంటే 6 డీబీ తగ్గింది. ఆ 6 డీబీ జముకుతో పాటు గొంతుకీ పోయింది, తాళానికీ పోయింది. కథలో అసలు మాట సరిగ్గా దరువు మీదే పడుతుంది కాబట్టి, వినాల్సిన ముక్కే మునుగుతుంది.

దీన్ని ఫోన్ మీద పనిచేసేవాళ్లు పట్టుకోలేకపోవడానికి ఒక కారణం ఉంది, ఇది చాలామంది గమనించరు. ఫోన్ స్పీకర్‌లో 200 హెర్ట్జ్‌కి కిందివి దాదాపు వినపడవు. జముకు బరువంతా ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఫోన్‌లో వినేటప్పుడు జముకు చిన్నగా 'టక్' మంటుంది, దాంతోపాటే గొంతు ఉన్నట్టుండి తగ్గి మళ్లీ లేస్తుంది. గొంతును తగ్గించిన ఆ కింది శబ్దమేమో చెవిన పడదు, కంప్రెసర్‌కి మాత్రం పూర్తిగా వినపడుతుంది. దాంతో పాడినవాళ్లు మైకుకి దూరం జరిగారని అనుకుంటారు, లేకపోతే రికార్డింగ్ లెవెల్‌నో మైకునో అనుమానిస్తారు. మన పాటలు వినేవాళ్లలో ఎక్కువమంది ఫోన్ స్పీకర్‌లోనే వింటారు కాబట్టి ఈ లోపం వాళ్ల దాకా అలాగే చేరుతుంది.

సైడ్‌చెయిన్ ఫిల్టర్ చేసే పని ఇక్కడే. పాటలోంచి ఏ ధ్వనినీ కోయదు. ఎంత తగ్గించాలో నిర్ణయించే భాగానికి అందే నకలులోంచి మాత్రం కింది ధ్వనులు తీసేస్తుంది. జముకు బయటికి నిండుగానే వస్తుంది, కంప్రెసర్ మాత్రం గొంతును చూసే కదులుతుంది. అదే 180 హెర్ట్జ్ దగ్గర మామూలు ఈక్యూతో (ధ్వనుల పాళ్లు మార్చే సాధనంతో) కోస్తే జముకు ప్రాణమే పోతుంది. ఒక్క చోట సన్నగా కోద్దామన్నా కుదరదు. వాయించేవాళ్లు తీగను బిగించినప్పుడల్లా స్వరం పైకి జారుతుంది, సన్నటి కోత దాని వెంట పోలేదు. ఫిల్టర్ కింది భాగం మొత్తాన్నీ ఒకేసారి పక్కన పెడుతుంది కాబట్టి స్వరం ఎంత జారినా ఇబ్బంది లేదు.

ఇది నిన్నమొన్నటి ఊహ కూడా కాదు. 1960ల నాటి ఎల్ఏ-2ఏ అనే ట్యూబుల కంప్రెసర్‌లో ఆర్37 అని ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే యంత్రం కింది ధ్వనులకి స్పందించడం తగ్గుతుంది. ఎఫ్ఎం ప్రసారాల అవసరం కోసం పెట్టినది, తరవాత స్టూడియోల్లో గొంతుకీ పనికొచ్చింది. ముందుభాగంలో పెద్ద నాబ్‌లు రెండే ఉన్న యంత్రంలో కూడా ఈ సర్దుబాటుకి చోటిచ్చారంటే దాని అవసరం ఎంతటిదో తెలుస్తుంది.

వరస ఇది. ముందు ట్రాక్ లెవెల్ సరిచేయాలి. క్లిప్ గెయిన్‌తో (ట్రాక్ ముక్క లెవెల్ మార్చే అమరికతో) పీకులు, అంటే అన్నిటికన్నా పెద్దగా లేచే చోట్లు, మైనస్ 10 డీబీ చుట్టుపక్కలకి తేవాలి. ఇది చేయకపోతే ఏ ప్రీసెట్టూ పనిచేయదు. త్రెషోల్డ్ మైనస్ 22 అని సేవ్ చేసుకున్నది ఆ రికార్డింగ్ లెవెల్‌కే సరిపోతుంది. ఒకే పాటను తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి తీసేవాళ్లకి ఈ తేడా బాగా కనిపిస్తుంది. రెండో టేక్ కాస్త మెల్లగా పాడితే అదే ప్రీసెట్ అసలు కదలనే కదలదు.

తరవాత రేషియో 3:1, అటాక్ 15 నుంచి 20 మిల్లీసెకన్లు, రిలీజ్ 120 మిల్లీసెకన్లు, సాఫ్ట్ నీ (తగ్గింపు ఒక్కసారిగా కాక మెల్లగా మొదలయ్యేట్టు చేసేది) 10 డీబీ దాకా. ఫిల్టర్ ఆఫ్‌లో ఉంచి, గెయిన్ రిడక్షన్ (ఎంత తగ్గిస్తోందో చూపే) మీటరు దరువుకి ఎంత ఊగుతోందో చూడాలి. ఇప్పుడు ఫిల్టర్ ఆన్ చేసి 60 హెర్ట్జ్ నుంచి నెమ్మదిగా పైకి తీసుకెళ్లాలి. ఒకచోట మీటరు దరువును వదిలేసి మాటల వెంట నడవడం మొదలవుతుంది. మగ గొంతు, జముకు కలిసిన ట్రాక్‌లో అది 150, 200 మధ్య దొరుకుతుంది. 12 డీబీ వాలు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ 12 డీబీ తగ్గించేది) ఉన్న ఫిల్టర్‌ను 180 దగ్గర పెడితే 90 హెర్ట్జ్ ధ్వని కంప్రెసర్‌కి ఇంచుమించు 12 డీబీ చిన్నగా వినపడుతుంది, చాలావాటికి అంత చాలు. మగ గొంతు మూలస్వరం చాలాసార్లు 180 కన్నా కిందే ఉంటుంది కదా అని భయపడక్కర్లేదు. పైనున్న హార్మోనిక్స్‌తోనే (మూలస్వరంతో పాటు పుట్టే పై స్వరాలతోనే) కంప్రెసర్ గొంతును పట్టుకుంటుంది. చివరగా త్రెషోల్డ్ ఇంకాస్త దించాలి, ఎందుకంటే దరువు పక్కకి పోయాక గొంతు మీద తగ్గింపు మరీ తక్కువైపోతుంది. గట్టిగా పాడిన చోట 4 నుంచి 6 డీబీ కనపడితే ఆపేయొచ్చు.

ఫిల్టర్‌ను మరీ పైకి, 400 దాటించి పెడితే ఇంకో చిక్కు. గొంతులోని నిండుదనం కంప్రెసర్‌కి అందదు, స, శ, చ లాంటి అక్షరాలే పెద్దవిగా కనిపిస్తాయి. ప్రతి 'స'కీ పాట తలదించుతుంది. తప్పెటగుళ్లలో గజ్జెలు కూడా ఇదే పని చేస్తాయి. అందుకే పై వైపు కూడా ఫిల్టర్ ఉన్న ప్లగిన్ అయితే 4 కిలోహెర్ట్జ్ దగ్గర దాన్ని కూడా పెట్టాలి. కింద తప్పెట, పైన గజ్జెలు రెండూ పక్కకి పోయి, మధ్యలో గొంతు మిగులుతుంది. మొదటిసారి వింటే నమ్మబుద్ధి కాదు, అంత తేడా. స్టీరియో మైకుతో తీసినదైతే స్టీరియో లింక్ నూటికి నూరు ఉంచండి. లింక్ తీసేస్తే కుడివైపు జముకు మోగినప్పుడు కుడి ఒక్కటే తగ్గి, గొంతు ఎడమకి జరిగినట్టు వినిపిస్తుంది.

ఫిల్టర్ పక్కన హెడ్‌ఫోన్ గుర్తుతో వినే బటన్ ఉంటుంది. కంప్రెసర్ ఏం వింటోందో అది వినిపిస్తుంది, సర్దుకోవడానికి చాలా మేలు. ఎక్స్‌పోర్ట్ చేసేముందు అది ఆఫ్‌లో ఉందో లేదో చూడాలి. ఆన్‌లో ఉండిపోతే బేస్ లేని పల్చటి పాట ఫైలుగా వస్తుంది. ఫోన్ స్పీకర్‌లో వింటే ఆ తేడా కూడా పట్టుబడదు.

ఇక ఫిర్యాదు. అప్‌డేట్ వచ్చి ఫిల్టర్ భాగం కొత్తగా మార్చారు. ఒక నాబ్ ఉన్నచోట రెండు వచ్చాయి, అది మంచిదే. కానీ పాత ప్రాజెక్టులు తెరిస్తే మిగతా నాబ్‌లన్నీ ఎక్కడివక్కడే ఉండి, ఫిల్టర్ ఒక్కటే ఆఫ్ అయిపోయింది. హెచ్చరికలాంటిదేమీ రాదు. ప్రాజెక్టులో నాబ్ విలువలు ఒక్కో గుర్తింపు కింద సేవ్ అవుతాయి. కొత్త వెర్షన్‌లో ఆ గుర్తింపు మారితే పాత విలువ ఎక్కడికీ చేరదు, కొత్త నాబ్ తన మొదటి స్థితిలోనే, అంటే ఆఫ్‌లోనే తెరుచుకుంటుంది. ఇలాంటి చోట సాధారణంగా జరిగేది ఇదే. ఫిల్టర్ కోసం త్రెషోల్డ్ బాగా దించి ఉంచుతాం కాబట్టి, అది ఆఫ్ అయితే మామూలు కన్నా ఘోరంగా వినిపిస్తుంది. 5 డీబీ చూపించాల్సిన మీటరు దరువు మీద 12 దాకా పోతుంది. కంపెనీకి రాశాక తరవాతి వెర్షన్‌లో సరిచేశారు. కానీ ఈ రెంటికీ మధ్య తెరిచి సేవ్ చేసిన ప్రాజెక్టుల్లో ఫిల్టర్ ఆఫ్‌గానే నిలిచిపోయింది, వాటిని చేత్తో దిద్దుకోవాల్సిందే.

యాప్ స్టోర్‌లో పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే దారి లేదు. సెట్టింగ్స్‌లో యాప్ స్టోర్ కింద యాప్ అప్‌డేట్స్ ఆఫ్ చేసి ఉంచడం మొదటి జాగ్రత్త. పూర్తయిన ప్రతి పాటలో కంప్రెసర్ వేసిన ట్రాక్‌ను ఫ్రీజ్ చేయడమో (ప్లగిన్ ఫలితంతో సహా అలాగే నిలపడం), వేవ్ ఫైలుగా తీసి పక్కన పెట్టడమో రెండోది. ప్రీసెట్ పేరులోనే అంకెలు రాసేయడం మూడోది: 'జముకు మగగొంతు 180 మైనస్22' అన్నట్టు. నాబ్ ఎటు పోయినా పేరు చూసి తిరిగి పెట్టుకోవచ్చు.

ఈ ప్లగిన్‌లో మొదట్లో మెచ్చుకున్నవి కొన్ని ఇప్పుడు వాడడం లేదు. ఆటో మేకప్ గెయిన్ అందులో ఒకటి. అది త్రెషోల్డ్, రేషియో చూసి లెక్కకట్టి లెవెల్ పెంచుతుంది, నిజంగా ఎంత తగ్గిందో చూడదు. ఫిల్టర్ పెట్టి త్రెషోల్డ్ దించితే అవసరానికి మించి పెంచేస్తుంది, పెద్దగా వినిపించింది కాబట్టి బాగుందని అనిపిస్తుంది. ఆఫ్ చేసి, బైపాస్‌తో (ప్లగిన్ పనిచేయనప్పటి ధ్వనితో) పోల్చి, రెండూ ఒకే లెవెల్‌లో వినిపించేట్టు చేత్తో పెంచడమే మంచిది. పైగా ఎన్ని డీబీలు పెంచితే మాటల మధ్య ఫ్యాను హోరు అన్ని డీబీలూ లేస్తుంది, దానికి ఏ ఫిల్టరూ మందు కాదు. ఆటో రిలీజ్ మెల్లని పాటలకి హాయిగా ఉంటుంది గానీ వేగంగా సాగే దరువుల్లో వెనకబడుతుంది. ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంపిల్స్‌తో లెక్కకట్టే పద్ధతి) 4 రెట్లు పెట్టి పనిచేస్తే ఎండాకాలంలో ఐప్యాడ్ వేడెక్కి చిటపటలు వస్తాయి. గది వేడి 35 డిగ్రీల లోపు ఉండాలని యాపిల్ వాళ్లే చెబుతారు, ఇక్కడ మే నెల మధ్యాహ్నం అది జరిగే పని కాదు. పనిచేసేటప్పుడు ఆఫ్, ఎక్స్‌పోర్ట్‌కి ఆన్.

ఫిల్టర్ మీద ఇంత చెప్పాక దానివల్ల వచ్చే నష్టం కూడా చెప్పాలి. కంప్రెసర్ దరువును పట్టించుకోదు కాబట్టి దరువు పీకులు ఎక్కడివక్కడే నిలుస్తాయి. తరవాత ఒక లిమిటర్ (లెవెల్‌ను హద్దు దాటనివ్వనిది) తప్పనిసరి, సీలింగ్, అంటే ఆ హద్దు, మైనస్ 1 డీబీ ట్రూ పీక్. అది 2, 3 డీబీ కన్నా ఎక్కువ పనిచేస్తుంటే పాట మళ్లీ మునగడం మొదలవుతుంది, ఈసారి లిమిటర్ వల్ల. అలాంటప్పుడు మొత్తం లెవెల్ తగ్గించుకోవడమే. యూట్యూబ్ ఎలాగూ మరీ పెద్దగా ఉన్న పాటను మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట చెవికి ఎంత పెద్దగా ఉందో చెప్పే కొలత) చుట్టుపక్కలకి దించేస్తుంది, నొక్కి పెంచి లాభం లేదు.

కాబట్టి కొనాలా వద్దా అన్నది మీ పద్ధతిని బట్టి ఉంటుంది. గొంతుకి వేరే ట్రాక్, వాయిద్యానికి వేరే ట్రాక్ తీయగలిగేవాళ్లకి ఇది పెద్దగా అక్కర్లేదు, గ్యారేజ్‌బ్యాండ్‌లో ఉన్న కంప్రెసర్ చాలు. ఒక మైకుతో గుంపు మొత్తాన్నీ తీసేవాళ్లయితే నిస్సంకోచంగా కొనొచ్చు. కొనేముందు స్క్రీన్ చిత్రాల్లో ఫిల్టర్, వినే బటన్ రెండూ ఉన్నాయో లేదో చూడండి. 'సైడ్‌చెయిన్' అన్న మాట ఒక్కటే చూసి కొనకండి. కొన్నిట్లో దాని అర్థం వేరే ట్రాక్‌ను బయటినుంచి కలపడం మాత్రమే, దానికి హోస్ట్ యాప్ (ప్లగిన్‌ను తెరిచే యాప్) కూడా దారి ఇవ్వాలి. లోపలి ఫిల్టర్‌కి ఆ బాధ లేదు.

ఆండ్రాయిడ్ వాళ్లకి ఇలాంటి ప్లగిన్ దొరకడం కష్టం. ట్రాక్‌కి నకలు తీసి ఒకదానికి 180 దగ్గర లో-పాస్ (కిందివి మాత్రం వదిలేది), రెండోదానికి అక్కడే హై-పాస్ (పైవి మాత్రం వదిలేది) పెట్టి, కంప్రెసర్ రెండోదాని మీదే వేస్తే కొంతవరకు అదే ఫలితం వస్తుంది. 12 డీబీ వాలు ఫిల్టర్లయితే కలిసేచోట గుంట పడుతుంది, ఒక ట్రాక్‌కి పోలారిటీ తిప్పితే (తరంగాన్ని తలకిందులు చేస్తే) చాలావరకు పూడుతుంది. అది మాత్రం వైరు హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినాలి, ఫోన్ స్పీకర్‌లో ఆ గుంట వినపడదు.