రెండు స్టార్లు, ఆ రెండూ టెక్నీషియన్లకే

శ్రీకాకుళం టౌన్లో డయాలసిస్ చేసే ఒక ప్రైవేటు ఆసుపత్రి గురించి ఇది. పేరు రాయను. రాస్తే రేపటికి ఈ రివ్యూ ఉండదు, ఇంటికి లాయర్ నోటీసు మాత్రం వస్తుంది.

మా మావయ్యది కవిటి వైపు. ఉద్దానం అనగానే మిగతాది మీకే అర్థమైపోతుంది, ఊరూరా కిడ్నీ జబ్బే. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ తెరిచారు కదా, టౌనుకెందుకు తెచ్చారు అని అడుగుతారేమో, అత్తయ్య పోయాక ఆయన మా ఇంట్లోనే ఉండేవారు, అందుకని దగ్గర్లో చూశాం.

ముందు మంచి చెప్తాను. బెడ్లు శుభ్రంగా ఉంటాయి, ఏసీ పనిచేస్తుంది, వైద్యసేవ కార్డు మీద డయాలసిస్‌కి డబ్బు అడగరు (కొన్ని ఇంజెక్షన్లు బయట కొనమంటారు, అది వేరే కథ). టెక్నీషియన్ కుర్రాళ్లయితే బంగారం. ఫిస్టులాలో (డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళం) సూది గుచ్చేటప్పుడు మావయ్యని మాటల్లో పెట్టి నొప్పి తెలియనివ్వరు, రెండు స్టార్లూ వాళ్లకే. క్యాంటీన్ ఇడ్లీ పర్వాలేదు. పార్కింగ్ లేదు.

మిగతా మూడు స్టార్లు ఎందుకు పోయాయో చెప్తాను. ఒకరోజు పొద్దుటి షిఫ్టులో మెషీను ఎక్కించిన కాసేపటికి మావయ్యకి వణుకు మొదలైంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, "సలేస్తంది బాబూ" అంటున్నారు. పక్క బెడ్డు పెద్దావిడకీ అంతే, ఆ చివర ఉన్న ఆయనకీ అంతే. ఒకే గదిలో ఒకే షిఫ్టులో ఇంతమందికి చలి పట్టడమేంటని డ్యూటీ డాక్టరుకి అనుమానం వచ్చింది. చిన్న వయసే ఆయనది, నెమ్మదిగా మాట్లాడతారు. మమ్మల్ని పక్కకి పిలిచి అర్థమయ్యేలా చెప్పారు: నాలుగు గంటల డయాలసిస్‌లో దాదాపు 120 లీటర్ల నీళ్లు రక్తం వెళ్లే ఫిల్టరుకి అవతలివైపు నుంచి పారతాయి, మధ్యలో ఉండేది పల్చటి పొర మాత్రమే, నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటులోనో పైపుల్లోనో బ్యాక్టీరియా చేరితే దాని విషం ఆ పొర దాటి రక్తంలోకి వచ్చి ఇలా వణికిస్తుంది, ఫిల్టరు కడిగి మళ్లీ వాడేటప్పుడు సరిగ్గా శుభ్రం కాకపోయినా ఇదే జరుగుతుంది. అందుకే నీళ్లు ల్యాబుకి పంపమని, లైన్లు శుభ్రం చేసి రిపోర్టు వచ్చేదాకా ఈ మెషీన్లు ఆపమని, పేషెంట్లని అంతవరకు వేరే సెంటరుకి పంపమని మేనేజ్‌మెంటుకి రాసిచ్చానన్నారు. కేసు షీటులో కూడా రాశారు, రాస్తుండగా నేను చూశాను.

నీళ్లు నిజంగా పాడయ్యాయా లేదా అని నేను తీర్పు చెప్పడం లేదు, ఆ రిపోర్టు మాకు ఎవరూ చూపించలేదు. నా గొడవల్లా ఆ తర్వాత ఆ డాక్టరుకి జరిగిన దాని గురించే.

కొద్ది రోజులకే ఆయన డయాలసిస్ వైపు కనిపించడం మానేశారు. క్యాజువాల్టీలో వరసగా నైట్ డ్యూటీలు వేశారట. తర్వాత పల్లెల్లో ఉచిత వైద్య శిబిరాలకి పంపారు, బీపీలు చూడ్డానికి. ఆ తర్వాత బోర్డు మీద పేరే లేదు. కౌంటర్లో అడిగితే "సార్ రిజైన్ చేశారండీ" అని ఒకరు, "ఆయన బిహేవియర్ బాలేదని పేషెంట్లే కంప్లయింట్ ఇచ్చారు" అని ఇంకొకరు.

ఆ కంప్లయింట్ ఎలా పుట్టిందో నాకు తెలుసు, నేను అక్కడే ఉన్నాను. ఆసుపత్రి పీఆర్వో (జనంతో మాట్లాడే ఉద్యోగి) ఒక కాగితం పట్టుకుని బెడ్డు బెడ్డుకీ తిరిగాడు. ఈ డాక్టరు మమ్మల్ని భయపెట్టేలా మాట్లాడుతున్నాడు, మా టెన్షన్ పెరుగుతోంది అని అందులో ముందే టైపు చేసి ఉంది. కింద సంతకాలకి గీతలు. కొందరు పెట్టారు. వాళ్లని తప్పు పట్టలేను, వారానికి రెండు మూడు సార్లు ఒంట్లో రక్తమంతా అప్పజెప్పే చోట కాదని ఎవరనగలరు? మావయ్య దగ్గరికి వస్తే, "నానేటికి ఎడతాను సంతకం? నాకు సలేస్తంటే దుప్పటి కప్పినోడు ఆ బాబు" అని అటు తిరిగి పడుకున్నారు. పీఆర్వో నవ్వేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి వారం నుంచి మావయ్య స్లాటు పొద్దుటి నుంచి రాత్రికి మారింది. అడిగితే "రొటేషన్" అన్నారు.

పొగ వస్తోందని అరిచినవాణ్ణి బయటికి గెంటి తలుపేసుకోవడం ఇది. లోపల పడుకున్నది మేము.

మన విశాఖ జిల్లా సంగతి గుర్తుందా? 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్ గారు ఎన్95 మాస్కులు, పీపీఈ కిట్లు లేవని అన్నందుకు సస్పెండ్ అయ్యారు. మే నెలలో విశాఖ నడిరోడ్డు మీద చేతులు వెనక్కి కట్టి పోలీసులు తీసుకెళ్లిన వీడియో మనమంతా చూశాం. తాగి గొడవ చేశాడన్నది పోలీసుల మాట. హైకోర్టు ఆ కేసుని సీబీఐకి అప్పగించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో చనిపోయారు. ఆయన అడిగింది మాస్కులు.

బయట దేశాల్లో బాగుంటుందనుకోకండి. ఇంగ్లండులో బ్రిస్టల్ ఆసుపత్రిలో పసిపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువున్నాయని 1990లో స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు రాసి ఇచ్చాడు. చివరికి ఆస్ట్రేలియా వెళ్లి అక్కడ ఉద్యోగం చేసుకున్నాడు. 2001లో విచారణ రిపోర్టు వచ్చి, 1991 నుంచి 1995 దాకా ఉండాల్సిన దానికంటే 30 నుంచి 35 మంది పిల్లలు ఎక్కువ చనిపోయారని తేల్చింది.

మన డాక్టర్లకి ఇంకో తమాషా ఉంది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల్లో, తోటి వైద్యుల్లో అసమర్థత, అవినీతి, అనైతికత కనబడితే భయం లేకుండా బయటపెట్టాలని 1.7 అనే క్లాజు ఉంది. బయటపెట్టినవాడి ఉద్యోగం ఎవరు కాపాడతారో అందులో లేదు. తప్పు బయటపెట్టినవాళ్లని కాపాడ్డానికి 2014లో విజిల్ బ్లోయర్ల చట్టం చేశారు, దాన్ని ఇంకా అమల్లోకి తేలేదు, తెచ్చినా అది ప్రభుత్వోద్యోగుల అవినీతి గురించి, ప్రైవేటు ఆసుపత్రి జోలికి రాదు. పైగా కుర్ర డాక్టరుకి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ రెండూ ఆ మేనేజ్‌మెంటు చేతిలోనే ఉంటాయి, ఈ టౌన్లో ఆసుపత్రులు ఎన్ని, యజమానులకి ఒకరికొకరు తెలియనిదెవరు? అతను గట్టిగా మాట్లాడాలంటే విశాఖ దాటాల్సిందే.

కాబట్టి డయాలసిస్‌కి ఎక్కడ చేరినా (ఇక్కడైనా సరే) ఇవి అడగండి. నీళ్ల కల్చర్ రిపోర్టు (బ్యాక్టీరియా ఉందో లేదో చూసే ల్యాబు పరీక్ష) చూపించమనండి, నెలకోసారి చేయించాలి, తేదీ చూడండి. ఫిల్టరు మళ్లీ వాడుతుంటే దాని మీద మీ పేషెంటు పేరు ఉందో లేదో మీరే చదవండి, పేరు లేకపోతే ఎక్కించనివ్వకండి. హెపటైటిస్ బీ, సీ ఉన్నవాళ్లకి విడిగా మెషీను ఉందా అని అడగండి. ఇంకా, పోయిన ఏడాది ఉన్న డ్యూటీ డాక్టర్లలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో టెక్నీషియన్లని మెల్లగా కదపండి. వాళ్లు నోటితో చెప్పరు, మొహం చెప్పేస్తుంది. గోడల మీద సర్టిఫికెట్లు ఎన్నున్నాయో నేను చూడ్డం మానేశాను.

మావయ్య ఇప్పుడు సొంత ఊరికి, వాళ్లబ్బాయి దగ్గరికి వెళ్లిపోయారు, అక్కడికి దగ్గర్లో చేయించుకుంటున్నారు. ఆ రోజు కేసు షీటు కాపీ కోసం మాత్రం నేను ఇంకా తిరుగుతున్నా. పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని అదే 2002 నియమాల్లో ఉంది. ఇక్కడ మాత్రం "సోమవారం రండి". ఏ సోమవారమో చెప్పరు. మీరూ వెళ్లేటట్టయితే అప్లికేషన్ రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. వేయం అంటారు. వేసేదాకా కుర్చీలోంచి లేవకండి, ఒంటిగంట దాటాక అసలు వెళ్లకండి, లంచ్ అని షట్టరు దింపేస్తారు.