దువ్వనివ్వని కుందేలుకు రబ్బరు గ్లోవ్: 5కి 3.5

బ్రష్ కనబడగానే వెనక కాలితో నేలను తన్ని, గుర్రుమని, దాన్ని పళ్లతో లాగేసే కుందేలుకు అరచేతికి తొడిగే ఈ రబ్బరు ముళ్ల గ్లోవ్ మంచి ఆరంభం. నిమిరే చెయ్యే దువ్వుతుంది కాబట్టి కుందేలు అంతగా బెదరదు. ముళ్లు మెత్తన, మొనలు మొద్దు. కుందేలు చర్మం చాలా పల్చన, ఇట్టే చిరుగుతుంది. అందుకే సన్నతీగల స్లిక్కర్ బ్రష్, బ్లేడు ఉన్న డీషెడ్డింగ్ పరికరం ఎంత బొచ్చు రాల్చినా మా ఓటు వాటికి కాదు.

మార్కులు ఎక్కడ పోయాయంటే, ఇది పైపై బొచ్చునే లాగుతుంది. లోపలి నూగుకు సన్నపళ్ల దువ్వెన కావాల్సిందే. అంగోరా లాంటి పొడవు బొచ్చు జాతులకైతే దండగ, ఉన్న చిక్కుల్ని ఇంకా బిగిస్తుంది. పొడి గాలిలో ఇంకో తంటా: రబ్బరు రాపిడికి చిటుక్కుమని షాక్ కొడుతుంది. బుద్ధిగా కూర్చున్న కుందేలు ఉన్నట్టుండి ఎగిరిపడితే ముందు దీన్నే అనుమానించండి. గ్లోవ్‌ను తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. కుందేలుకు స్నానం మాత్రం వద్దు.

బల్ల మీద కాదు, నేల మీద తువ్వాలు పరిచి దువ్వండి. కాళ్లు జారితే సగం గొడవ అక్కడే మొదలవుతుంది. నుదురు, చెవుల వెనక, భుజాలు, ఆ తర్వాతే నడుము. తోక దగ్గరికి చివర్లో వెళ్లాలి, ఎక్కువ కుందేళ్లు ఒప్పుకోనిది అక్కడే. రెండు మూడు నిమిషాలు దువ్వి, అది విసుక్కోకముందే ఆపి కొత్తిమీర రెమ్మ ఇవ్వండి. వెల్లకిలా పడుకోబెడితే కదలదు నిజమే, కానీ అది హాయి కాదు, భయంతో బిగుసుకుపోవడం. గట్టిగా అదిమితే వెనక కాళ్లు విదిలించి వెన్నెముక విరగ్గొట్టుకోగలదు.

ఉండకట్టిన బొచ్చు జోలికి గ్లోవ్‌తో వెళ్లొద్దు. ఉండ మొదలు దగ్గర రెండు వేళ్లతో బొచ్చును పట్టుకుని, లాగుడు చర్మానికి తగలకుండా, చివర నుంచి కొద్దికొద్దిగా విడదీయాలి. చిటికెడు కార్న్‌ఫ్లోర్ రాస్తే జారుతుంది. కత్తెర పెడితే ఉండతో పాటు పైకి లేచిన చర్మమూ తెగుతుంది. పాదాల అడుగు బొచ్చును కదపొద్దు, వాటికి కుక్కకున్నట్టు మెత్తలుండవు.

బొచ్చు మార్చే రోజుల్లో రోజూ, మిగతా రోజుల్లో పొట్టి బొచ్చు కుందేలుకు వారానికోసారి చాలు. కుందేలు వాంతి చేసుకోలేదు, నాకి మింగిన బొచ్చంతా పేగుల్లోంచే పోవాలి. పెంటికలు వెంట్రుకతో దండలా గుచ్చుకుని వస్తుంటే దువ్వడం పెంచి, ఎండుగడ్డి ఎక్కువ పెట్టండి. తిండి మానేసినా, పెంటికలు ఆగినా తెల్లారేదాకా చూడకుండా వెంటనే వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

కొనేటప్పుడు మణికట్టు పట్టీ బిగుతు చూసుకోండి. వదులైతే గ్లోవ్ జారి ముళ్లు అడ్డంగా తిరుగుతాయి, బొచ్చు రాలదు సరికదా కుందేలుకు చిరాకొక్కటే మిగులుతుంది.