కొత్త డిస్కు ఇప్పుడే కొనవద్దన్న దుకాణం: తిరుపతిలో ఒక హోమ్ సర్వర్ మరమ్మతు

తిరుపతి తిలక్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో, మందుల అంగడి పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్లవలసిన ఒక చిన్న గదిలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. బోర్డు మీద ల్యాప్‌టాప్ సర్వీసు, సీసీటీవీ అన్న రెండు మాటలే ఉంటాయి కనుక, ఇంట్లో సర్వర్ (ఇంటివాళ్ల ఫైళ్లన్నీ ఒకచోట దాచే కంప్యూటర్) పెట్టుకున్నవారి డిస్కుల జబ్బులు కూడా అక్కడ చూస్తారన్న సంగతి దారిన పోయేవారికి తెలిసే అవకాశం లేదు. నాకూ ఒక పూర్వ విద్యార్థి చెబితేనే తెలిసింది. మొన్న మే నెలలో నా సర్వర్‌ను అక్కడ ఇచ్చి 11 రోజుల తర్వాత తెచ్చుకున్నాను. ఆ పని తీరు గురించే ఈ సమీక్ష.

బైరాగిపట్టెడలోని మా ఇంట్లో ఉన్నది పెద్ద యంత్రమేమీ కాదు. పాత డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు బిగించి, డెబియన్ (లైనక్స్‌లో ఒక రకం) మీద ఫైళ్లు దాచడానికి పనికొచ్చే ఓపెన్‌మీడియావాల్ట్ వేసి, నాలుగింటినీ రెయిడ్ 5గా, అంటే ఒకటి పోయినా మిగతావాటి నుంచి డేటాను తిరిగి కట్టుకోగలిగేలా, కలిపాను. అందులో ఒక డిస్కంత చోటు పారిటీకి, అంటే పోయినదాన్ని తిరిగి కట్టే లెక్కలకు, పోతుంది కాబట్టి మిగిలేది 12 టెరాబైట్లు. లైనక్స్ దాన్ని 1024 లెక్కన కొలిచి 10.9 అని చూపిస్తుంది. కుటుంబ ఫోటోలు, పెళ్లిళ్ల వీడియోలు, అన్నింటికన్నా ముఖ్యంగా మా నాన్నగారు చెప్పిన హరికథల క్యాసెట్లను మూడేళ్లు కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఫైళ్లు అందులోనే ఉన్నాయి. ఒక డిస్కు పోయినా రెయిడ్ కాపాడుతుందన్న ధీమాతో వేరే ప్రతి తీసి పెట్టుకోలేదు. ఆ తప్పు పూర్తిగా నాది.

గంగమ్మ జాతర చాటింపు జరిగిన రాత్రి, ఒక డిస్కు వరుసలో నుంచి తప్పుకుందని సర్వర్ నుంచి మెయిల్ వచ్చింది. నేను దాన్ని తిరిగి చేర్చాను. రీబిల్డ్, అంటే ఆ డిస్కులోని డేటాను తిరిగి కట్టే పని, మొదలై, మూడు గంటల్లో 40 శాతం దాకా నడిచి, అర్ధరాత్రి దాటాక ఇంకో డిస్కు కూడా తప్పుకోవడంతో మొత్తం ఆగిపోయింది. రెయిడ్ 5లో ఒకటి పోతే పని నడుస్తుంది, రెండు పోతే నిలిచిపోతుంది. డిస్కు ఎందుకు తప్పుకుందో చూడకుండా రీబిల్డ్ మొదలుపెట్టడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. ఎందుకంటే రీబిల్డ్ అంటే మిగిలిన డిస్కులన్నింటినీ మొదటి నుంచి చివరి దాకా ఏకబిగిన చదివించడం, బలహీనంగా ఉన్నది ఏదైనా బయటపడేది సరిగ్గా ఆ సమయంలోనే.

మరునాడు ఆ రెండు డిస్కులను మాత్రం విప్పుకుని వేరొక దుకాణానికి వెళ్లాను. వాళ్లు ఒక్కోదాన్ని విండోస్ కంప్యూటర్‌కు తగిలించారు. డిస్కును కొత్తగా సిద్ధం (ఇనిషియలైజ్) చేయమని తెర మీద సందేశం రాగానే రెండూ చెడిపోయాయని తేల్చి, కొత్తవాటి ధర రాసిచ్చారు. లైనక్స్ రెయిడ్‌లోని డిస్కును విడిగా తీసుకెళ్లి పెడితే, అది నిక్షేపంగా ఉన్నా విండోస్ గుర్తుపట్టలేక ఆ మాటే అంటుంది. ఫార్మాట్ చేసి చూద్దామా అని కూడా అడిగారు. వద్దన్నాను. ఆ ఒక్క మాట నోట వచ్చినందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటూ ఉంటాను.

సందులోని దుకాణానికి వెళ్లింది ఆ తర్వాతి రోజు. జాతరలో అది బండ వేషం నాడు. ఊళ్లో ఎవరు ఎవరిని తిట్టినా పట్టింపు లేని రోజు కాబట్టి దారి పొడవునా నన్ను నేనే తిట్టుకుంటూ వెళ్లాను. బల్ల వెనక ఉన్న యువకుడు నా చేతిలోని డిస్కులను ముట్టుకోనైనా ముట్టుకోకుండా రెండు ప్రశ్నలు వేశాడు. "ఎన్నిసార్లు ఆన్ చేసి చూసినారు మేడం?" అన్నది మొదటిది, "దీంట్లోది ఇంకెక్కడైనా ఉందా?" అన్నది రెండోది. రెండోదానికి లేదని చెప్పగానే, "అట్లయితే ఇంకేం ఆన్ చేయొద్దండి. ఇంటికి పోయి డబ్బా మొత్తం తీసుకురాండి, వైర్లు ఒక్కటి కూడా ఊడదీయొద్దు," అన్నాడు. కొత్త డిస్కులు ఎంతకు దొరుకుతాయని అడిగితే, "అవి రేపైనా కొనుక్కోవచ్చు, ముందు రోగమేందో చూడనీండి," అన్నాడు. ఎండలో రెండుసార్లు తిరగవలసి వచ్చినందుకు ఆ క్షణంలో చిరాకు పడ్డాను గానీ, క్యాబినెట్ మొత్తం అడగడం వల్లనే అసలు కారణం దొరికింది.

పరీక్ష నా ఎదుటే జరిగింది. ముందుగా ఏ డిస్కు ఏ తీగకు ఉందో సీరియల్ నంబర్లతో సహా ఫోటోలు తీసుకున్నాడు. తర్వాత ఒక్కో డిస్కును తన యంత్రానికి తగిలించి, స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రాముతో లోపలి లెక్కలు తీసి, నాలుగింటినీ ఒక కాగితం మీద పక్కపక్కన రాశాడు. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి కొన్ని లెక్కలు తానే రాసిపెట్టుకుంటుంది. 5వ నంబరు, పాడైనందువల్ల పక్కనపెట్టి వేరే చోటికి మార్చిన సెక్టార్లు, అంటే డేటా రాసే చిన్న గళ్లు. 197, చదవడం కుదరక తీర్పు కోసం ఎదురుచూస్తున్నవి. 198, పరీక్షలో సరిదిద్దలేకపోయినవి. 199, డేటా కేబులులో దారి తప్పిన సమాచారం. మొదట తప్పుకున్న డిస్కులో మొదటి మూడూ సున్నాలే, 199 దగ్గర 3. రెండోసారి తప్పుకున్నదానిలో 197 దగ్గర 8 ఉంది. 512 బైట్ల లెక్కన 8 సెక్టార్లంటే పళ్లెం మీద 4,096 బైట్ల భౌతిక సెక్టారు ఒక్కటి. చనిపోయిన డిస్కు ఇలా ఉండదు.

అతను వేలు పెట్టి చూపించింది ఎవరూ పెద్దగా పట్టించుకోని 12వ నంబరును. డిస్కుకు కరెంటు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించేది అది. నాలుగు డిస్కులూ ఒకే రోజు కొని, ఒకే డబ్బాలో బిగించి, ఒకే స్విచ్చుతో నడుపుతున్నప్పుడు ఆ లెక్క నాలుగింటిలోనూ సమానంగా ఉండాలి. మూడింటిలో అది నాలుగోదానికన్నా ఎక్కువగా ఉంది. మొదట తప్పుకున్నదానిలో ఏకంగా 37 ఎక్కువ. అంటే సర్వర్ నడుస్తూ ఉండగానే ఆ డిస్కు ఒక్కటే 37 సార్లు కరెంటు పోయి మళ్లీ లేచింది. ఆ మూడు డిస్కులకూ కరెంటు అందుతున్నది పవర్ సప్లై నుంచి వచ్చే ఒకే మోలెక్స్ (నాలుగు పిన్నుల పాత రకం) తీగ నుంచి చీలిన ఒక చవక స్ప్లిటర్ ద్వారా. పవర్ సప్లైలో డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా కొసలు చాలక, పిన్నుల మీద ప్లాస్టిక్ పోతపోసిన ఆ రకాన్ని నేనే కొని బిగించాను. మూడున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల తీగ నుంచి సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. అవన్నీ ఒకే సన్నని అతుకు గుండా పోతుంటే అతుకు వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ నల్లబడుతుంది, నల్లబడినకొద్దీ వోల్టేజీ ఇంకా పడిపోతుంది. మీటరు పెట్టి చూస్తే పవర్ సప్లై వైపు 12.0 వోల్టులు, స్ప్లిటర్ చివర డిస్కులు పనిలో ఉన్నప్పుడు 11.1. కంప్యూటర్ పవర్ సప్లైల ప్రమాణం ప్రకారం ఇది 11.4కు తగ్గకూడదు. జాతర రోజులు కదా, తీగ జబ్బు డిస్కు వేషం కట్టిందన్నమాట.

ఇక డేటా వెనక్కి తీసే పని. ఇక్కడ అతను చూపిన ఓపికను ఎంత మెచ్చుకున్నా తక్కువే. 197 దగ్గర 8 ఉన్న డిస్కును నేరుగా వాడకుండా, కొత్త డిస్కు ఒకటి నా చేత కొనిపించి, డీడీరెస్క్యూతో దాని ప్రతిని అందులోకి తీశాడు. ఆ ప్రోగ్రాము ముందుగా సులువుగా చదవగలిగినదంతా తీసేసి, కష్టమైన చోట్లను పటంలా రాసి ఉంచుకుని, వాటి దగ్గరికి చివర్లో వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. సెకనుకు 150 మెగాబైట్లు నడిచినా 4 టెరాబైట్లకు ఏడున్నర గంటలు పడుతుంది కాబట్టి రాత్రంతా నడిపాడు. చివరికి చదవలేనిదిగా మిగిలింది ఆ 4,096 బైట్లే.

తర్వాత ఎండీఆడమ్ అనే లైనక్స్ రెయిడ్ ప్రోగ్రాముతో ప్రతి డిస్కు మీదా ఉన్న ఈవెంట్ లెక్కను, అంటే రెయిడ్‌లోని మార్పులు ఆ డిస్కుకు ఎంతదాకా చేరాయో చెప్పే సంఖ్యను, చూశాడు. రెండోసారి తప్పుకున్న డిస్కు మిగతావాటికన్నా కొద్దిగానే వెనకబడి ఉంది. మొదట తప్పుకున్నది 40 శాతం దగ్గర ఆగిన రీబిల్డ్‌లో ఉంది కనుక దాన్ని నమ్మడానికి లేదు. దాన్ని బయటే ఉంచి, మంచి డిస్కులు రెండు, కొత్త ప్రతి ఒకటి కలిపి, అసలు డిస్కుల మీద ఒక్క బైటు కూడా రాయకుండా రాతలన్నీ వేరే ఫైలులోకి పోయే పొరను అడ్డం పెట్టి, బలవంతంగా అసెంబుల్ చేశాడు, అంటే ఉన్న రెయిడ్‌నే తిరిగి కూర్చాడు. అసెంబుల్ బదులు, కొత్త రెయిడ్‌ను సృష్టించే క్రియేట్ అన్న ఆదేశం ఇచ్చి, డిస్కుల వరుస తప్పి, సర్వస్వం పోగొట్టుకున్నవారు తన దగ్గరికి వస్తుంటారని చెప్పాడు. ఫైల్ సిస్టమ్ తెరుచుకున్నాక ముందు హరికథలనే తీయమన్నాను. అన్నీ వచ్చాయి. నష్టం ఎక్కడ తేలిందంటే, తిరుచానూరు పంచమి తీర్థం నాడు తీసిన ఒక ఫోటో అడుగు సగం బూడిద రంగుగా మారింది. ఆ జనంలో మా చెల్లెలి తల మాత్రం ఉంది, కాళ్లు లేవు.

రెండు దిద్దుబాట్లు అతను అడగకుండానే చేశాడు. చదవలేని సెక్టారు ఎదురైతే, రెయిడ్ కోసం తయారైన డిస్కు సాధారణంగా 7 సెకన్లలో చేతులెత్తేసి విషయం చెప్పేస్తుంది. మామూలు డెస్క్‌టాప్ డిస్కు నిమిషానికి పైగా తనలో తాను ప్రయత్నిస్తూనే ఉండవచ్చు. లైనక్స్ మామూలుగా 30 సెకన్లే ఆగి, జవాబు రాకపోతే డిస్కును రీసెట్ చేస్తుంది, అలా చెడని డిస్కు కూడా వరుస నుంచి బయటపడుతుంది. నా డిస్కులలో రెండింటికి 7 సెకన్ల గడువు పెట్టడం కుదిరింది. ఆ సదుపాయం లేనివాటి కోసం లైనక్స్ గడువును 180 సెకన్లకు పెంచి, బూట్ అయిన ప్రతిసారీ అది అమలయ్యేలా రాసిపెట్టాడు. కొత్త డిస్కు కొనేటప్పుడు కూడా, ట్రాకులు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉండే ఎస్ఎంఆర్ రకం వద్దని, రీబిల్డ్‌లో అది నత్తనడక నడుస్తుందని చెప్పి, ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకం మోడల్ నంబరు రాసిచ్చాడు. 2020లో వినియోగదారులు గొడవ చేసేదాకా ఏ మోడల్ ఏ రకమో తయారీదారులు సరిగ్గా చెప్పని సంగతి తెలిసినవారికి ఆ చీటీ విలువ అర్థమవుతుంది.

సర్వర్‌ను అటక మీద పెట్టడం మీద కూడా చీవాట్లు తిన్నాను. మే నెలలో మిద్దె కింద అటకంటే పొయ్యి పక్కన పెట్టినట్లే. డిస్కులు 54 డిగ్రీల దాకా వెళ్లినట్లు లెక్కలు ఉన్నాయి. హాల్లోకి దించి, ముందు వైపు ఒక ఫ్యాను పెట్టాక 42 దాటడం లేదు.

లోపాలు లేవని కాదు. 11 రోజుల్లో నాలుగు రోజులు జాతరకే పోయాయి, ఆ సంగతి ముందే చెప్పి ఉంటే రోజూ ఫోన్ చేసేదాన్ని కాదు. చేసినా మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఎవరూ ఎత్తరు. ఏమేం చేశారో రాతపూర్వకంగా ఇవ్వరు. పై వివరాలన్నీ నేను పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నవి. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద మొత్తం మాత్రం రాసిచ్చారు, పద్దులవారీగా కావాలని రెండోసారి అడగవలసి వచ్చింది. ఇంత జాగ్రత్త గల మనిషి విప్పిన డిస్కులను టీ గ్లాసుల పక్కనే బల్ల మీద పరచడం చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఫైళ్లు తెరిచేటప్పుడు మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకునే తెరిచాడు, ఏ ఫోల్డరులోకి వెళ్లాలన్నా అడిగాడు. ఇంటి ఫోటోలున్న డిస్కును పరాయి చేతుల్లో పెట్టేవారికి ఇది చిన్న విషయం కాదు.

చేయలేని పని చేస్తామని చెప్పకపోవడం కూడా నాకు నచ్చింది. నేనున్నప్పుడే చిత్తూరు నుంచి ఒకాయన టక్ టక్ మని చప్పుడు చేస్తున్న డిస్కు తెచ్చాడు. అది హెడ్ (పళ్లెం మీది డేటాను చదివే భాగం) దెబ్బతిన్న చప్పుడు, ఇక్కడ మూత తీస్తే దుమ్ము పడి మిగిలిందీ పోతుంది, చెన్నైలో శుభ్రమైన గది ఉన్నచోటికే తీసుకుపోవాలి, అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆన్ చేయవద్దని చెప్పి, రూపాయి తీసుకోకుండా పంపించాడు.

నాకైన ఖర్చు కొత్త డిస్కు ధర కాక 4,350 రూపాయలు: పరీక్షకు 500, ప్రతి తీసి డేటా వెనక్కి తెచ్చినందుకు 3,000, పిన్నులను విడివిడిగా నొక్కి బిగించిన మంచి స్ప్లిటర్లు రెండింటికి 850. చచ్చిపోయిందని మొదటి దుకాణం తేల్చిన మొదటి డిస్కు, పొడవాటి స్వీయ పరీక్ష పూర్తిచేసుకుని, అదే డబ్బాలో ఇప్పుడు నడుస్తోంది. 8 సెక్టార్ల డిస్కును రెయిడ్‌లో చేర్చవద్దన్నాడు కాబట్టి అది సొరుగులో ఉంది. వేరే ప్రతి కోసం పెద్ద యూఎస్‌బీ డిస్కు ఒకటి కొని హరికథలు, ఫోటోలు అందులోకి ఎక్కించి, పద్మావతీపురంలో ఉండే మా చెల్లెలి ఇంట్లో దాచాను.

వెళ్లదలచినవారు ఉదయం పది దాటాక వెళ్లడం మేలు. సందులో కారు పట్టదు, మెట్లు నిటారుగా ఉంటాయి, క్యాబినెట్ మోయడానికి మనిషిని తోడు తీసుకెళ్లాలి. బరువని డిస్కులు మాత్రం విప్పి పట్టుకెళితే, వెనక్కి పంపి డబ్బా మొత్తం తెమ్మంటారు.