బిడ్డ గుండె చప్పుడు వినే మెషిన్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? జాగ్రత్త

ఫీటల్ డాప్లర్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న చిన్న మెషిన్ గురించి రాస్తున్నాను. కడుపు మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే లోపలి చప్పుడు స్పీకర్‌లో వినిపిస్తుంది, తెర మీద నిమిషానికి ఇన్ని అని అంకె పడుతుంది. మేం కొన్నది పూర్తిగా చెడిపోయిన మెషిన్ అయితే ఈ పోస్టు రాయాల్సిన పనే లేదు, ఏ మూలో పడేసేవాళ్లం. ఇది ఎప్పుడు పెట్టినా మంచి అంకె చూపించింది. బాగాలేని రోజున కూడా అలాంటి అంకే చూపించింది. నా గొడవంతా అక్కడే.

మాది నరసన్నపేట దగ్గర. చెల్లి తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది. బావ ఉద్యోగం చెన్నైలో. మా జిల్లా సంగతి తెలిసిందే కదా, మగాళ్లు సగం మంది వైజాగ్‌లోనో, హైదరాబాద్‌లోనో, ఇంకా దూరానో ఉంటారు. స్కానింగ్‌కి వెళ్లిన రోజు ఫోన్ చేసి చెబితే వినడమే తప్ప, బిడ్డ చప్పుడు వినే భాగ్యం వాళ్లకుండదు. కవిటి, మందస వైపు ఊళ్లవాళ్లకైతే మంచి ఆస్పత్రికి వెళ్లిరావడమే ఒక రోజు పని. ఇలాంటి ఇళ్లను చూసే ఈ ప్రకటనలు తయారుచేస్తారేమో అనిపిస్తుంది: మంచం మీద నవ్వుతూ భార్య, ఫోన్ తెరలో నవ్వుతూ భర్త, కింద 'ఇక టెన్షన్ లేదు' అని. బావ చూశాడు, రెండు వేల పైచిలుకు పెట్టి ఆర్డర్ చేశాడు.

పెట్టె మీద 'మెడికల్ గ్రేడ్' అనీ, 'డాక్టర్లు సిఫారసు చేసినది' అనీ పెద్ద అక్షరాలు. ఏ డాక్టరో లేదు. దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు లేదు, చిరునామా లేదు, లైసెన్స్ నంబరు లేదు, ఎమ్మార్పీ స్టిక్కర్ కూడా లేదు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందకి వచ్చాయి. మాత్రల అట్ట మీద ఉన్నట్టే వీటి పెట్టె మీదా తయారీ లైసెన్సో, దిగుమతి లైసెన్సో దాని నంబరు ఉండాలి. కొనేముందు ప్రకటనలో పెట్టె వెనకవైపు ఫొటో ఉందో లేదో చూడండి. లేకపోతే అది ఎందుకు పెట్టలేదో ఊహించుకోవచ్చు.

మొదట్లో అదో సంబరం. శ్రీమంతం నాడు వచ్చిన చుట్టాలంతా వరసపెట్టి విన్నారు. అంకె 140 దాటితే ఆడపిల్ల, లోపుంటే మగపిల్లాడు అని ఒక పెద్దావిడ తీర్పు కూడా చెప్పేసింది. ఆ లెక్కకి ఆధారమేమీ లేదు. కడుపులో బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది, ఆడైనా మగైనా. అసలు పుట్టకముందే ఆడో మగో తెలుసుకోవడం, చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. అయినా ఈ మెషిన్ అమ్మే చోట ప్రశ్నల్లో 'దీంతో బాబా పాపా తెలుస్తుందా' అని అడిగినవాళ్లున్నారు, తెలుస్తుందని జవాబిచ్చినవాళ్లూ ఉన్నారు.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక సాయంత్రం చెల్లి అమ్మతో అంది, "పొద్దుట్నుంచి లోపల తిరగట్లేదమ్మా" అని. వెంటనే మెషిన్ తీశారు. ప్రోబ్ పెట్టగానే హుష్ హుష్‌మని చప్పుడు, తెర మీద 146. పిన్ని "బాగానే ఉంది కదేటి, పడుకునుంటాది" అంది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. పొద్దున్న వెళ్దాంలే అని అన్నాలకి లేచారు కూడా.

మా వీధిలోనే ఉండే ఏఎన్‌ఎం అక్క అదే వేళకి బీపీ చూడ్డానికి వచ్చింది. మళ్లీ ఒకసారి పెట్టమంది. చప్పుడు వింటూనే చెల్లి మణికట్టు పట్టుకుంది. కాసేపు అలాగే ఉండి, "ఇది నీ నాడేనమ్మా, బిడ్డది కాదు" అంది. నాడి కొట్టినప్పుడల్లా హుష్‌మంటోంది. గడియారం పెట్టి లెక్కేస్తే 73. తెర మీద మాత్రం 146. "కదలిక తగ్గిందంటే మెషిన్ ఏటి చెప్పినా ఆస్పత్రికే" అని ఆవిడే 108కి ఫోన్ చేసింది.

ఆస్పత్రిలో ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె వేగాన్ని కాసేపు గీతగా తీసే పరీక్ష) చేశారు, స్కాన్ తీశారు. ఉమ్మనీరు బాగా తగ్గిపోయింది, బిడ్డ నీరసంగా ఉంది అన్నారు. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. తక్కువ బరువు కాబట్టి కొన్నాళ్లు నవజాత శిశువుల వార్డులో పెట్టి పంపించారు. ఇప్పుడు తల్లీబిడ్డా బాగున్నారు. ఆ రాత్రి ఇంట్లోనే ఉండిపోయుంటే ఏమయ్యేదో అని డాక్టరమ్మని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

తర్వాత కుదురుగా కూర్చుని తెలుసుకున్నది చెబుతాను. ఈ మెషిన్ గుండె చప్పుడు 'వినదు'. సెకనుకి 20 లక్షల నుంచి 30 లక్షల కంపనాలుండే ధ్వనిని లోపలికి పంపుతుంది, మన చెవికి అది వినపడదు. ఆ ధ్వని లోపల కదులుతున్న దేనికి తగిలినా కొద్దిగా మారి వెనక్కి వస్తుంది. ఆ మార్పునే మనకి వినపడే చప్పుడుగా చేసి స్పీకర్‌లో వదులుతుంది. కదిలేది బిడ్డ గుండె కావచ్చు. మాయలో (ప్లాసెంటాలో) పారుతున్న రక్తం కావచ్చు, తల్లి పెద్ద రక్తనాళం కావచ్చు. ఏది తగిలినా చప్పుడొస్తుంది. ఏది ఎవరిదో చెప్పేది మెషిన్ కాదు, పట్టుకున్న చెయ్యి, విన్న చెవి. అలవాటున్న నర్సు బిడ్డ గుండెని గుర్రం పరుగు చప్పుడులా టకటకమని వస్తే గుర్తుపడుతుంది, హుష్ హుష్‌మని వస్తే రక్తనాళమని తీసేస్తుంది. మనకి రెండూ ఒకటే.

అంకె సంగతి ఇంకా అన్యాయం. తల్లి నాడి ఒక్కసారి కొట్టినప్పుడు రెండు శబ్దాలొస్తే మెషిన్ దాన్ని రెండుగా లెక్కేసే ప్రమాదముంది. అప్పుడు 73 కాస్తా 146 అవుతుంది, అది సరిగ్గా బిడ్డకి ఉండాల్సిన హద్దుల్లోనే పడుతుంది. ఇలా రెట్టింపు చూపించడం ఆస్పత్రి మెషిన్లలోనూ అప్పుడప్పుడూ జరిగేదేనట. అందుకే అక్కడ తల్లి నాడి పక్కన పెట్టి చూసుకుంటారు. మా పెట్టెలో వచ్చిన కాగితంలో ఆ ముక్క ఎక్కడా లేదు.

బావ చెన్నై నుంచి వచ్చాక కోపం ఆపుకోలేక మెషిన్ తన మణికట్టు మీదే పెట్టుకున్నాడు. 144 చూపించింది! నాడి చూస్తే 72. అరచేతిలో జెల్ వేసి ప్రోబ్‌ని ఊరికే అటూ ఇటూ రుద్దితే 130కి అటూ ఇటూగా ఏదో ఒక అంకె వస్తూనే ఉంది. వీడియో తీసి పెట్టుకున్నాం. మీ ఇంట్లో ఇప్పటికే ఇలాంటిదుంటే మగాళ్ల చేతి మీద ఒకసారి పెట్టి చూడండి, సంగతేమిటో తెలుస్తుంది.

మంచి కంపెనీది, ఖరీదైనది కొంటే సరిపోతుంది కదా అని కొందరు అడిగారు. సరిపోదు. ఏదో ఒక క్షణాన గుండె నిమిషానికి 140 చొప్పున కొట్టుకుంటోందంటే బిడ్డ బతికుందని అర్థం, బాగుందని కాదు. లోపల కష్టంగా ఉన్న బిడ్డ గుండె కూడా చాలాసేపు మామూలు అంకెల్లోనే ఉండొచ్చు. గుండె ఆగడం చిట్టచివర జరిగేది. ఎన్‌ఎస్‌టీలో కనీసం ఇరవై నిమిషాలు బెల్టు కట్టి ఉంచేది అందుకే. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం పెరుగుతోందా, ఎప్పుడైనా పడిపోతోందా అని ఆ గీతలో చూస్తారు. ఇంటి మెషిన్‌లో ఆ గీత ఉండదు, ఉన్నా చదివేవాళ్లుండరు.

ఇది మా ఒక్కరికే జరిగింది కాదు. 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇలాంటి కేసే వచ్చింది. కదలిక తగ్గిందని ఒక గర్భిణి ఇంట్లో డాప్లర్ పెట్టుకుంది, చప్పుడు వినపడేసరికి ధైర్యపడి ఆగింది. ఆస్పత్రికి వెళ్లేసరికి బిడ్డ దక్కలేదు. అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ 2014 డిసెంబరులోనే ఇంట్లో ఈ మెషిన్లు వాడొద్దని చెప్పింది. శిక్షణ ఉన్నవాళ్లు అవసరమైనప్పుడే వాడాల్సినవి ఇవి, ఈ ధ్వని కణజాలాన్ని కొద్దిగా వేడి చేయగలదు, ఇంట్లో ఎంతసేపు పెడుతున్నారో చూసేవాళ్లెవరూ ఉండరు అన్నది వాళ్ల మాట. బిడ్డకి హాని జరిగిందని రుజువుందని కాదు, అవసరం లేకుండా గంటలు గంటలు పెట్టొద్దని. చుట్టాలు వచ్చినప్పుడల్లా వినిపించే ఇళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైనదీ జరుగుతుంది. విజయనగరంలో ఉండే చెల్లి స్నేహితురాలు మూడో నెల దాటగానే ఇలాంటి మెషిన్ కొంది. ఎంత వెతికినా చప్పుడు రాలేదు. ఏడుస్తూ అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తింది, అక్కడ చూస్తే బిడ్డ నిక్షేపంగా ఉంది. మాయ ముందువైపు ఉంటే, బిడ్డ పక్కకి తిరిగి ఉంటే, పొట్ట కాస్త బొద్దుగా ఉంటే, ఆ నెలల్లో ఇంట్లో దొరకడం కష్టం. పెట్టె మీద మాత్రం '12 వారాల నుంచి స్పష్టంగా' అని ఉంటుంది.

ఇక అమ్మకందారు సంగతి. వాపసు అడిగితే ముందు 'జెల్ సీల్ తీశారు, శుభ్రతకి సంబంధించిన వస్తువు, తీసుకోం' అన్నారు. వీడియో పంపితే 'సరిగ్గా పెట్టడం రాలేదు' అన్నారు. మణికట్టు మీద కూడా సరిగ్గా పెట్టాలా అని బావ అడిగితే జవాబు లేదు. కొన్నాళ్లకి కొత్త నంబరు నుంచి మెసేజ్: ఐదు నక్షత్రాల రివ్యూ పెడితే సగం డబ్బు తిరిగిస్తాం అని. ఆ మెషిన్ కింద మురిసిపోతూ రాసిన రివ్యూలు ఎలా వచ్చాయో అప్పుడు అర్థమైంది. మీరూ రివ్యూలు చూసి కొనకండి. చదివితే ఒక్క నక్షత్రం ఇచ్చినవే చదవండి.

మేం 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి అని 2020 నిబంధనల్లో ఉంది. ఆ మాట ఎత్తగానే స్వరం మారింది, డబ్బు మొత్తం వెనక్కి వచ్చింది. రాకపోయుంటే శ్రీకాకుళం వినియోగదారుల కమిషన్‌కి వెళ్లేవాళ్లం. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, కొన్నదాని విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. పెట్టె, బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు పారెయ్యకండి.

మరి ఇంట్లో ఏం చూసుకోవాలి అంటే, ఏఎన్‌ఎం అక్క చెప్పింది ఒక్కటే, డాక్టరమ్మా అదే చెప్పింది: కదలిక. ఏడో నెల నుంచి మీ బిడ్డ రోజూ ఎలా తిరుగుతోందో తల్లికే బాగా తెలుస్తుంది. అనుమానమొస్తే ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో 10 కదలికలు రాకపోతే బయల్దేరండి. పొద్దుట్నుంచీ అసలు లేదనిపిస్తే ఆ రెండు గంటలు కూడా ఆగొద్దు. నెలలు నిండేకొద్దీ కదలిక తగ్గిపోతుందని మా పెద్దవాళ్లు అంటారు, అది నిజం కాదు. తన్నే తీరు మారుతుందేమో గానీ, ఆగిపోదు. చల్లటి కూల్ డ్రింక్ తాగించి చూద్దాం, తీపి పెట్టి చూద్దాం అని గంటలు గడపొద్దు. రాత్రయినా సరే 108 వస్తుంది, ఖర్చు లేదు. ఊరికే వచ్చారేంటని ఆస్పత్రిలో ఎవరైనా విసుక్కున్నా పడదాం. చప్పుడు వినాలని మరీ ముచ్చటగా ఉంటే చెకప్‌కి వెళ్లినప్పుడు అడగండి. నర్సే పెట్టి వినిపిస్తుంది, భర్తకి ఫోన్‌లో వినిపించమన్నా చాలామంది కాదనరు.

అదే మెషిన్, అదే ఫొటో, ఇప్పుడు వేరే పేరుతో అమ్మకానికి ఉంది. గులాబీ రంగు కాస్తా నీలం అయింది, 'మెడికల్ గ్రేడ్' అలాగే ఉంది. బావ పెట్టిన రివ్యూ తీసెయ్యమని ఆ అమ్మకందారు నుంచి ఇప్పటికీ మెసేజ్‌లు వస్తున్నాయి. తియ్యలేదు, తియ్యడు కూడా.