నాలుగేళ్ల ఎన్వెంక్ వాడకం: తలంబ్రాల దగ్గర బయటపడ్డ తప్పు

మా వైపు పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు చాలావరకు నా పాత క్యామ్‌కార్డర్‌లోనే ఉంటాయి. ఏవీసీహెచ్‌డీ ఫార్మాట్, 1080పీ, సెకనుకు 50 ఫ్రేములు, 28 ఎంబీపీఎస్ (సెకనుకు 28 మెగాబిట్లు). అంటే గంటకు పన్నెండున్నర జీబీ పైమాటే. చుట్టాలకు పంచాలంటే దాన్ని చిన్న ఎంపీ4గా మార్చక తప్పదు. నా నాలుగు కోర్ల సీపీయూ మీద ఎక్స్264 అనే ఎన్‌కోడర్ (వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్) స్లో ప్రీసెట్‌తో గంట వీడియోకి రెండు గంటలు దాటేది. నాలుగేళ్ల కిందట జీటీఎక్స్ 1650 కార్డు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని, వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రాంలో ఎన్వెంక్‌కి, అంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులోనే ఉండే ఎన్‌కోడర్‌కి మారాను. అదే గంట వీడియో పావుగంటలో తేలిపోయింది. ఆ స్పీడు చూసి నా కళ్లు నెత్తికెక్కాయి.

మారడం అంటే నేను చేసింది ఇంతే. పాత కమాండ్‌లో ఎక్స్264 పేరు తీసేసి ఎన్వెంక్ పేరు పెట్టాను. నాణ్యత ఎంత కావాలో ఎక్స్264కి చెప్పే సీఆర్ఎఫ్ 20 అని ఉన్నదాన్ని ముట్టుకోలేదు.

మూడు నెలలు హాయిగా గడిచాయి. ఫోన్లో చూసినవాళ్లంతా బాగుందనే అన్నారు. తర్వాత పిన్ని వాళ్లింట్లో పెళ్లి వీడియోని 55 అంగుళాల టీవీలో పెట్టారు. జీలకర్ర బెల్లం దాకా ఏ గొడవా లేదు. తలంబ్రాలు మొదలై బియ్యం గాల్లోకి లేచేసరికి పెళ్లికూతురి మొహం గళ్లు గళ్లుగా విడిపోయింది. "ఏంట్రా ఇది, వానకి డిష్ సిగ్నల్ పోయినట్టుంది?" అంది పిన్ని.

ఎన్‌కోడర్‌కి తలంబ్రాలను మించిన పరీక్ష లేదని అప్పుడే తెలిసింది. పంతులు గారు కూర్చుని మంత్రాలు చదువుతుంటే ముందు ఫ్రేములో ఉన్నదే తర్వాతి ఫ్రేములోనూ ఉంటుంది కాబట్టి కొత్తగా రాయాల్సింది తక్కువ. తలంబ్రాల్లో ప్రతి గింజా దాని దారిన అది పోతుంది. పైగా ఫోటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు. అక్కడ బిట్లు చాలకపోతే దాచుకోవడానికి చోటుండదు.

మొదట డ్రైవర్‌ని అనుమానించాను. తర్వాత కార్డు వేడెక్కుతోందేమో అనుకున్నాను. అమ్మినవాడు అంటగట్టాడేమో అని కూడా రెండు రోజులు టెన్షన్ పడ్డాను. అసలు ఆధారం ఫైల్ సైజుల్లో ఉంది. ఏ ఫంక్షన్ అయినా, ఏ భాగమైనా, గంటకు తొమ్మిది వందల ఎంబీ చిల్లర. మంత్రాల గంటా, తలంబ్రాల గంటా ఒకే బరువు తూగుతున్నాయంటే క్వాలిటీని చూసి ఎవరూ బిట్లు పంచడం లేదనే కదా. ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫోలో తెరిస్తే అన్నిటికీ బిట్‌రేట్ (సెకనుకు ఖర్చయ్యే బిట్లు) 2,000 కేబీపీఎస్, అంటే 2 ఎంబీపీఎస్ దగ్గరే.

కమాండ్ మళ్లీ నడిపి, ఈసారి పైనుంచి ప్రతి లైనూ చదివాను. సీఆర్ఎఫ్ అనే ఆప్షన్ ఇచ్చారు కానీ ఏ స్ట్రీమ్‌కీ వాడలేదు అని వార్నింగ్ ఉంది. ఎన్వెంక్‌లో సీఆర్ఎఫ్ అనేదే లేదు. మనం బిట్‌రేట్ చెప్పకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ దానికి ఇచ్చే డిఫాల్ట్ 2 ఎంబీపీఎస్. మూడు నెలలుగా అది చెబుతూనే ఉంది, చదవనిది నేనే.

ఇప్పుడు రేట్ కంట్రోల్ వీబీఆర్ (దృశ్యాన్ని బట్టి బిట్‌రేట్ మారే పద్ధతి), సీక్యూ (ఎన్వెంక్ నాణ్యత అంకె, తగ్గితే నాణ్యత పెరుగుతుంది) 23 అని రాస్తాను. ఆ రెండు ఎంబీపీఎస్ మళ్లీ ఏ సందులోంచీ దూరకుండా బిట్‌రేట్ సున్నా అని కూడా చేరుస్తాను. సీక్యూ అంకెని పాత సీఆర్ఎఫ్ అంకెతో పోల్చొద్దు, రెండింటి కొలత వేరు. తలంబ్రాల్లోంచి ముప్పై సెకన్ల ముక్క కోసి, 19 నుంచి 27 దాకా మార్చి చూసి, టీవీలో తేడా పట్టలేని చోట ఆగాను. అప్పట్నుంచి సైజులు ఎగుడుదిగుడుగా వస్తున్నాయి. స్టాండ్ మీద పెట్టి తీసిన మండపం షాట్ 3 ఎంబీపీఎస్‌కే పడిపోయినా టీవీలో అద్దంలా ఉంటుంది. తలంబ్రాల దగ్గర 20 దాటుతుంది. కాబట్టి తక్కువ బిట్‌రేట్ కనబడగానే కంగారు పడటం మానేశాను.

రాత్రి ఊరేగింపుల్లో ఇంకో తలనొప్పి ఉంది. నల్లటి ఆకాశం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఫ్రేములో బిట్లు ఎక్కువ అవసరమైన చోటికి మళ్లించే స్పేషియల్ ఏక్యూ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి లుక్‌అహెడ్ (ముందు రాబోయే ఫ్రేముల్ని చూసుకోవడం) 32 ఇచ్చాక చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

హెచ్265 (ఇప్పటిదాకా వాడిన హెచ్264 తర్వాత వచ్చిన కుదింపు పద్ధతి) మీద ఆశ పెట్టుకోవద్దని ఈ కార్డున్నవాళ్లకు చెప్తాను. 1650 పేరుకు ట్యూరింగ్ తరం, 2019 కార్డు. కానీ మొదట వచ్చిన వాటిలో ఎన్‌కోడర్ మాత్రం అంతకు ముందు వోల్టా తరానిది. దాని హెచ్265లో బీ-ఫ్రేములు (ముందూ వెనకా ఫ్రేములు చూసి చోటు ఆదా చేసేవి) లేవు. నాకు సైజులో కలిసొచ్చింది తక్కువ కావడంతో హెచ్264లోనే ఉండిపోయాను. చుట్టాల పాత టీవీలకూ అదే నయం.

మా బావది ఎం1 మ్యాక్. నా సెట్టింగ్ అడిగి తీసుకుని, మ్యాక్ ఎన్‌కోడర్ అయిన వీడియోటూల్‌బాక్స్‌లో క్వాలిటీ 23 అని పెట్టాడు. అక్కడ లెక్క 1 నుంచి 100 దాకా, అదీ తిరగేసి. అంకె పెరిగితే నాణ్యత పెరుగుతుంది. వచ్చిన వీడియోలో మనుషులంతా నీళ్లలో నానిన రంగుల్లా ఉన్నారు. ఇంటెల్ చిప్‌లో ఉండే ఎన్‌కోడర్ క్యూఎస్‌వీ వాడేవాళ్లకు నాణ్యత అంకె పేరు గ్లోబల్ క్వాలిటీ, అక్కడ మళ్లీ తక్కువ అంకే మేలు.

వేగం విషయంలో నాలుగేళ్లలో నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఒకే సైజులో పోల్చి చూస్తే మాత్రం నా కంటికి ఎక్స్264 స్లో ఇచ్చే బొమ్మే శుభ్రంగా ఉంటుంది. అందుకని పంచే కాపీలకు ఎన్వెంక్, ఇంట్లో దాచుకునేదానికి ఎక్స్264. తలంబ్రాల భాగాన్ని విడిగా కోసి, రాత్రి పడుకునే ముందు సీపీయూకి అప్పగిస్తాను. కెమెరా ఒరిజినల్స్ రెండు హార్డ్ డిస్కుల్లో ఉంటాయి. ఆ మొదటి మూడు నెలల్లో కెమెరా మెమరీ కార్డులో చోటు కోసం చెరిపేసిన మేనకోడలి బారసాల ఒక్కటే ఇప్పటికీ 2 ఎంబీపీఎస్‌లో ఉంది.