గొల్లలు, కురుమలు: మంద ఒకటే, కథలు వేరు

తెలంగాణలో గొల్ల, కురుమ పేర్లు జంటగానే వినిపిస్తాయి. ఇద్దరివీ గొర్రెల మందలే, కథలు మాత్రం వేరు. గొల్లలు తమది శ్రీకృష్ణుడి యదువంశం అంటారు. నాకైతే అంతకంటే వాళ్ల వీరుడు కాటమరాజు కథే వాళ్ల బతుక్కి దగ్గరగా అనిపిస్తుంది. పచ్చిక మేపినందుకు కట్టే పుల్లరి దగ్గర మొదలైన పేచీ, నెల్లూరు రాజు నల్లసిద్ధితో యుద్ధం దాకా వెళ్లింది మరి! సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామికి రెండేళ్లకోసారి జాతర చేస్తారు.

కురుమల కులదైవం బీరప్ప. ఆయన కథను ఒగ్గు కళాకారులు డోలు, తాళాలతో రాత్రంతా చెబుతారు. నల్ల గొర్రెల ఉన్నితో గొంగడి నేయడం వీళ్ల పని. కొమురవెల్లి మల్లన్న దగ్గర ఇద్దరూ కలుస్తారు. ఆయన భార్య కేతమ్మ గొల్లల ఆడపడుచే.