కణాలు పెంచడానికి ఏ పెప్టైడ్ జెల్ మేలు?

కణాలను పెప్టైడ్ హైడ్రోజెల్‌లో, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసులతో చేసిన నీటి జెల్‌లో, పెంచుదామనుకునేవాళ్లకు తరచూ ఎదురయ్యే పేర్లు రెండు: ఎఫ్‌మాక్-ఎఫ్‌ఎఫ్, రాడా16. రెండూ నీళ్లలో తమంతట తామే సన్నని పోగులుగా పేరుకుని, వలలా అల్లుకుని నీటిని పట్టి ఉంచుతాయి. ఏది గట్టి జెల్ అని చాలామంది అడుగుతారు. నేనైతే ఏది ఎలా గడ్డకడుతుందో ముందు చూడమంటాను. ఆ కొద్ది నిమిషాలూ కణాలు అందులోనే ఉండాలి మరి.

ఎఫ్‌మాక్-ఎఫ్‌ఎఫ్ చాలా చిన్నది: ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాలు రెండు, వాటి చివర ఎఫ్‌మాక్ అనే ఒక రసాయన సమూహం. తయారీ తేలిక, ఖర్చు తక్కువ. 2006లో రెండు పరిశోధక బృందాలు దీని జెల్‌ను విడివిడిగా ప్రకటించాయి. చిక్కంతా గడ్డకట్టించడంలోనే ఉంది. క్షారంలో కరిగించి పీహెచ్ తగ్గించాలి, లేదా డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి నీళ్లు కలపాలి. కణాలకు రెండూ ఇబ్బందే. పైగా ఆమ్లం ఒక్కసారిగా పోస్తే, పాలలో నిమ్మకాయ పిండినట్టు ముద్దలు ముద్దలవుతుంది. అందుకే గ్లూకోనో డెల్టా లాక్టోన్ వాడతారు. అది నీళ్లలో మెల్లగా ఆమ్లంగా మారుతుంది కాబట్టి, తోడేసిన పాలలా జెల్ అంతా ఒకేలా పేరుకుంటుంది. పెప్టైడ్‌లు ఎలా అల్లుకుంటాయో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పదార్థం నాకు తోచదు.

రాడా16లో ఆర్జినిన్, అలనిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, అలనిన్ అనే వరస నాలుగుసార్లు వస్తుంది. ఒక ముఖం మీద ప్లస్, మైనస్ విద్యుదావేశాలు, రెండో ముఖం మీద నీళ్లంటే గిట్టని అలనిన్‌లు. కణాలను పెంచే పోషక ద్రవం, అంటే మీడియంలోని లవణాలు తగిలితే చాలు, పోగులు అల్లుకుపోతాయి. రక్తం తగిలినా అంతే. అందుకే ఎండోస్కోపీలో రక్తస్రావం ఆపడానికీ దీన్ని వాడుతున్నారు. అయితే అసలు ద్రావణం ఆమ్లం. కణాలను సుక్రోజ్ నీళ్లలో తీసుకుని, చకచకా కలిపి, వెంటనే పైన మీడియం పోసి, మొదటి గంటలో రెండు మూడుసార్లు మార్చాలి. ఇక్కడ బద్ధకిస్తే కణాలు దక్కవు.

ఆర్గనాయిడ్‌లకైతే, అంటే ల్యాబ్‌లో కణాలతో పెంచే బుల్లి అవయవాల్లాంటి వాటికైతే, చాలా ల్యాబ్‌లు ఇప్పటికీ మ్యాట్రిజెల్‌నే నమ్ముకున్నాయి. అది ఎలుక కణితి నుంచి తీసింది, ఒక బ్యాచ్ ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. కణాలకు కావలసిన సంకేతాలు అందులో సిద్ధంగా ఉంటాయి, రాడా16లో ఉండవు. కానీ కణాలు అంటుకోవడానికి పనికొచ్చే ఆర్‌జీడీ లాంటి అమైనో ఆమ్లాల వరసను రాడా16 చివర మనమే చేర్చుకోవచ్చు. ఏం చేర్చామో, ఎంత చేర్చామో మనకు తెలుస్తుంది. కణాలతో పని మొదలుపెట్టేవాళ్లకు నేను రాడా16నే చెబుతాను, ఖరీదు ఎక్కువైనా సరే.